డిటెక్టివ్ ఎవరి కోసం వచ్చిండు?

కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు 132 కిలోమీటర్లు. పాసు తీసుకొని రోజూ అప్‌డౌన్ చేసేవాళ్ళకు ఆ దూరం తెలియకుండా గడవాలంటే ఏదో ఒక పంచాయితీ కావాలి. కొన్ని డబ్బాల్లో పేకాట, కొన్నింట్లో రాజకీయాలు. మా డబ్బాలో డిటెక్టివ్‌లు. ఎవరు గొప్ప అన్న వాదన ఘన్‌పూర్ రాకముందే మొదలవుతుంది, ఆలేరు దగ్గర గొంతులు లేస్తాయి, మౌలాలిలో సిగ్నల్ కోసం బండి ఆగినా తెగదు.

బ్యాంకులో పనిచేసే అన్న షెర్లాక్ హోమ్స్ మనిషి. "ఆ బుర్ర ఇంకెవలికున్నదో చూపెట్టున్రి" అని సవాలు చేస్తాడు. జనగామలో ఎక్కే తెలుగు సారు యుగంధర్‌ను తప్ప ఎవరినీ ఒప్పుకోడు. కొమ్మూరి సాంబశివరావు నవలల్ని అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకొని, తెల్లారేసరికి చదివి, మర్నాడు ఇంకోటి తెచ్చుకున్న తరం ఆయనది. యుగంధర్, అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు పేర్లు చెప్పేటప్పుడు సొంత బంధువుల గురించి చెప్తున్నట్టే ఉంటుంది. మట్టెవాడ చాచా ఉర్దూ మీడియంలో చదువుకున్నాడు. ఆయనకు డిటెక్టివ్ అంటే ఇబ్నె సఫీ సృష్టించిన కర్నల్ ఫరీదీ. 1952లో అలహాబాదు నుంచి మొదలైన 'జాసూసీ దునియా' పుస్తకాలు వాళ్ళ నాన్న తెచ్చి పెట్టెలో దాచేవాడట. సెక్రటేరియట్‌లో పనిచేసే అక్కది అగాథా క్రిస్టీ రాసిన పొయిరో పార్టీ. రైల్వేలో పనిచేసే తమ్ముడు మధుబాబు షాడో తరఫున నిలబడతాడు. షాడోను నేనూ ఇష్టంగానే చదివాను కానీ ఈ లెక్కలోకి తీసుకోను. షాడో గూఢచారి. శత్రువు ఎవరో తెలిసిన కథ అది, వాణ్ణి ఎట్లా పట్టుకోవాలన్నదే అక్కడి ఆసక్తి. డిటెక్టివ్ కథకు ప్రాణం అనుమానం. ఎవరి మీద అనుమానం పడుతుంది, ఎందుకు పడుతుంది, అది ఎట్లా తొలగుతుంది అన్నది లేకపోతే అది వేరే జాతి కథ.

వీళ్ళందరూ కొలిచేది ఒక్క బుర్రనే. నాకు ఆ కొలత మీద నమ్మకం లేదు. 1841లో ఎడ్గార్ ఎలన్ పో రాసిన డ్యూపిన్ దగ్గర్నుంచి ఇప్పటిదాకా కథలోని డిటెక్టివ్‌కు ఉన్న తెలివంతా రచయిత ఇచ్చిందే. జవాబు ముందే తెలిసినాయన వెనక నుంచి ముందుకు కథ అల్లుతాడు, ఆధారాలు తానే దాస్తాడు, వాటిని తీసే పని డిటెక్టివ్‌కు ఇస్తాడు. అందులో ఎవరి బుర్ర ఎక్కువ అని తేల్చడం కష్టం, తేల్చి చేసేదీ లేదు. కానీ పదిమంది ఉన్న ఇంట్లోకి వచ్చిన డిటెక్టివ్ కళ్ళు ముందు ఎవరి మీద నిలుస్తాయి, ఎవరి మాట వినడానికి కూర్చుంటాడు, అసలు ఎవరి కోసం వచ్చాడు అన్నవి మాత్రం ఆ మనిషి గుణం చెప్తాయి. అనుమానం కింద నలుగుతున్న మనిషి కోసం, లేదా చచ్చిపోయినా ఎవరూ పట్టించుకోని మనిషి కోసం వచ్చిన డిటెక్టివే నాకు గొప్ప.

ఈ కొలతతో హోమ్స్‌ను చూద్దాం. 1892 జనవరిలో స్ట్రాండ్ పత్రికలో వచ్చిన నీలం రాయి కథ గుర్తుంది కదా, క్రిస్మస్ బాతు కడుపులో దొరికే రాయి. ఆ కథ చదివిన వాళ్ళను ఏం గుర్తుందని అడిగితే టోపీ అంటారు. ఒక పాత టోపీని చేతిలో పట్టుకొని, దాని యజమాని చదువుకున్నవాడనీ, ఒకప్పుడు బాగా బతికి ఇప్పుడు చితికిపోయాడనీ, భార్యకు అతని మీద ప్రేమ తగ్గిందనీ హోమ్స్ వరసగా చెప్పుకుపోతాడు. బ్యాంకు అన్న ఆ పేజీని అప్పజెప్పగలడు.

అదే కథలో జాన్ హార్నర్ అని ఒక ప్లంబర్ ఉన్నాడు. వయసు 26. హోటల్లో దొరసాని గదిలో పొయ్యి కడ్డీ ఊడితే మాటు వేయడానికి పిలిపిస్తారు. ఆ గదిలో రాయి పోతుంది. అతని మీద పాత దొంగతనం కేసు ఒకటి ఉంది కాబట్టి పోలీసులు ఇంక ఎటూ చూడలేదు. కోర్టులో కేసు పెద్ద కోర్టుకు పోతుందని చెప్పగానే స్పృహ తప్పి పడిపోతాడు, మోసుకొని పోతారు. ఇదంతా మనకు తెలిసేది హోమ్స్ చదివి వినిపించే పేపరు ముక్కలోనే. కథ మొత్తంలో హార్నర్ మన ముందుకు రాడు. చివర్న అసలు దొంగ కాళ్ళ మీద పడి ఏడిస్తే హోమ్స్ తలుపు తీసి పొమ్మంటాడు. ఇతను సాక్ష్యం చెప్పకపోతే కేసు దానంతట అదే పోతుంది, హార్నర్‌కు ప్రమాదం లేదు అని సర్దుకుంటాడు. ఆ క్షమ పెద్దమనసు అని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ప్రతిసారీ జైల్లో ఉన్న ప్లంబర్ గుర్తొస్తాడు. ఆ రాత్రి అతని దగ్గరికి పోయి "నీ కేసు పోతుంది, భయపడకు" అని చెప్పినవాడు లేడు.

పాత కేసు ఉంటే చాలు, కొత్త నేరం అతనిదే అనుకోవడం లండన్‌కే ఉన్న జబ్బు కాదు. మన దేశంలో 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం పుట్టుకనే పాత కేసుగా మార్చింది. ఎరుకల వంటి కులాల్లో పుట్టినందుకే పోలీసు స్టేషన్‌లో హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. ఆ చట్టం పోయింది 1952లో. అలవాటు పోయిందా అంటే, పేపరు చదివేవాళ్ళెవరూ అవుననలేరు.

హోమ్స్‌ను ఇట్లా అన్నానని బ్యాంకు అన్నకు కోపం వచ్చింది. అందుకే ఆయనకు డాయిల్ సంగతి చెప్పాను. హోమ్స్ హార్నర్‌ను చూడటానికి పోలేదు, హోమ్స్‌ను రాసిన డాయిల్ మాత్రం జార్జి ఎడల్జీని చూడటానికి పోయాడు. ఎడల్జీ తండ్రి బొంబాయి నుంచి వెళ్ళిన పార్శీ, క్రైస్తవం తీసుకొని ఇంగ్లండులోని ఒక పల్లెలో ఫాదర్ అయ్యాడు. ఆ కుటుంబానికి ఏళ్ళ తరబడి ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చాయి. ఊళ్ళో ఎవరో రాత్రిపూట గుర్రాలనూ గొడ్లనూ కోసి పోతుంటే 1903లో జార్జిని పట్టుకొని ఏడేళ్ళ శిక్ష వేశారు. జార్జి లాయరు. రైల్లో ప్రయాణించే మామూలు మనిషి కోసం రైల్వే చట్టం మీద 1901లో చిన్న పుస్తకం కూడా రాశాడు. అది విన్నప్పుడు మా డబ్బాలో అందరూ కాసేపు గమ్మునున్నారు.

మూడేళ్ళ తర్వాత వదిలిపెట్టారు కానీ నిర్దోషి అనలేదు. 1907 జనవరిలో డాయిల్ అతన్ని కలవడానికి హోటల్‌కు వెళ్ళాడు. హాల్లో కూర్చొని పేపర్ చదువుతున్న జార్జి దాన్ని కళ్ళకు ఆనించుకున్నంత దగ్గరగా, కాస్త పక్కకు పెట్టుకొని చదువుతున్నాడు. అంత చూపు తక్కువ మనిషి కటిక చీకట్లో పొలాలూ కంచెలూ దాటిపోయి గుర్రాన్ని కోయగలడా? డాయిల్ పత్రికలో వరసగా రాశాడు, ఆ ఏడాదే ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చింది, నష్టపరిహారం మాత్రం పైసా ఇవ్వలేదు. క్రిమినల్ కేసుల అప్పీలు కోర్టు కోసం ఇంగ్లండులో చట్టం వచ్చింది కూడా ఆ 1907లోనే, దాని వెనకున్న కారణాల్లో ఈ కేసు ఒకటి. నా దృష్టిలో హోమ్స్ కథలన్నిటి కన్నా పెద్ద డిటెక్షన్ ఆ హోటల్ హాల్లో జరిగింది. చూపు తక్కువన్నది అక్కడ తెలివైన ఆధారం మాత్రమే కాదు. అంతకుముందు ఆ మనిషిని అంతమంది చూశారు. ఇతను చేసి ఉండడేమో అన్న ఆలోచనతో చూసింది డాయిల్.

నాకు ఈ విషయం ఇంత పట్టింపు ఎందుకంటే, డిటెక్టివ్ పుస్తకం చేతికి రాకముందే నేను మా ప్రాంతపు డిటెక్టివ్‌ను చూశాను. పరకాల పక్కన మా అమ్మమ్మ ఊళ్ళో ఒకరింట్లో వెండి కడియాలు పోయాయి. పోలీసుల దాకా పోలేదు. అంజనం వేసేటాయన్ను పిలిపించారు. తమలపాకు మీద ఆముదంతో కలిపిన కాటుక రుద్ది, దీపం ముందు కూర్చోబెట్టి, మా మేనమామ కొడుకు చేతిలో పెట్టాడు. చిన్నపిల్లలకైతేనే కనబడుతుందట.

"ఏం కనవడ్తుంది బిడ్డా?"

"నల్లగ."

"మంచిగ చూడు. మనిషి కనవడ్తుండా?"

పిల్లవాడు ఆకును చూశాడు, తర్వాత వాళ్ళ నాన్నను చూశాడు. "కనవడ్తుండు."

"పొట్టోడా, పొడుగోడా?"

"పొడుగు."

"నెత్తికి రుమాలున్నదా?"

"ఉన్నది."

ఊళ్ళో సగంమంది మగవాళ్ళ నెత్తికి రుమాలుండేది. కానీ ఆ వాకిట్లో అప్పుడు పొడుగ్గా, రుమాలు చుట్టుకొని, గుంజకు ఆనుకొని నిలబడ్డది ఒక్కడే, ఆ ఇంటి జీతగాడు. ఎవరూ అతని పేరెత్తలేదు. అందరి తలలూ అటు తిరిగాయి, అంతే. ఉగాది దాకా ఉండాల్సిన మనిషి మధ్యలోనే పని మానుకొని పోయాడు. కడియాలు దొరకలేదు. పోయినరోజు ఆ ఇంట్లోకి ఎవరెవరు వచ్చారని ఏ ఒక్కరూ అడగలేదు.

అంజనంలో కనబడేది దొంగ కాదు. ఆకు చుట్టూ కూర్చున్నవాళ్ళ మనసులో ముందే ఉన్న మనిషి. ప్రశ్నలు అడిగేవాడికీ ఆ సంగతి తెలుసు, జవాబు చెప్పే పిల్లవాడికీ ఎంతో కొంత తెలుసు. రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిషు రచయిత, స్వయంగా చర్చి ఫాదర్, 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. దయ్యాలూ మహిమలూ పనికిరావని అందులో రెండోది. డిటెక్టివ్‌కు అకస్మాత్తుగా తట్టిన ఊహ నిజమైపోకూడదని ఇంకోటి. చాలామంది వీటిని పాఠకుడితో ఆడే ఆటకు సంబంధించిన నియమాలుగా చదువుతారు. అంజనం చూసినదాన్ని కాబట్టి నేను అట్లా చదవలేను. ఆధారం చూపించి తీరాలి అన్న నియమం ముందుగా ఆ గుంజకు ఆనుకొని నిలబడ్డ మనిషికి కావాలి, ఆ తర్వాతే పాఠకుడికి.

పొయిరో అక్క వాదనకు నేను చాలావరకు తలవంచుతాను. 1952 నాటి మిసెస్ మెక్‌గింటి నవల చూడండి. ఇళ్ళల్లో పనిచేసుకొని బతికే ముసలామె హత్య, ఆమె ఇంట్లో అద్దెకున్న జేమ్స్ బెంట్లీకి ఉరిశిక్ష. బెంట్లీ మీద మనకు జాలి కూడా కలగదు, ముఖం చాటేసే మనిషి, మాట కలవదు. సాక్ష్యాలు సేకరించిన పోలీసు అధికారి స్పెన్సే పొయిరో దగ్గరికొచ్చి, నేనే కేసు పెట్టాను, కానీ ఇతను చేశాడని నా మనసు ఒప్పుకోవడం లేదు అంటాడు. ఉరికి రోజులు దగ్గరపడుతుంటే, వేళకు తినడానికీ శుభ్రతకూ ప్రాణమిచ్చే పొయిరో ఒక అధ్వాన్నపు లాడ్జింగులో దిగి, తినలేని తిండి తింటూ ఆ పల్లెలో తిరుగుతాడు. మనకు నచ్చని మనిషి కోసం. అది గొప్ప సంగతే. అయితే పొయిరో చాలా కేసుల్లో పెద్దిళ్ళ అతిథి. ఇక్కడ మెరిసిన గుణం అన్నిచోట్లా కనబడదు.

క్రిస్టీయే రాసిన ఇంకో డిటెక్టివ్ మిస్ మార్పుల్‌లో కనబడుతుంది. నా ఓటు ఆమెకే. ఒక్క 1953 నాటి ఫోర్టెస్క్యూ కుటుంబం కథ చాలు ఆ ఓటుకు.

డబ్బున్న వ్యాపారి ఆఫీసులో కూలబడి, విషం వల్ల ఆసుపత్రిలో చనిపోతాడు. తర్వాత ఇంట్లో ఇంకో చావు. అదే ఇంట్లో పనిచేసే గ్లాడిస్ అనే అమ్మాయి పెరట్లో బట్టలారేసే తీగ దగ్గర చచ్చిపడి ఉంటుంది. ఆమె ముక్కుకు బట్టలారేసే క్లిప్పు పెట్టి ఉంటుంది. చంపినవాడు ఒక పిల్లల పాటకు సరిపోయేట్టు అట్లా చేశాడు. ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, తెలివైనవాడే, కానీ విచారణ అంతా ఆ ఇంటి ఆస్తి చుట్టూ, కొడుకుల చుట్టూ తిరుగుతుంటుంది. అప్పుడు ఆ ఇంటి మెట్ల దగ్గర ఒక ముసలామె దిగుతుంది. ఎవరూ పిలవలేదు. వ్యాపారితో ఆమెకు పని లేదు, ఆస్తితో అసలే లేదు. గ్లాడిస్ అనాథాశ్రమం నుంచి వచ్చిన పిల్ల, ఇంటి పనులు నేర్పింది మార్పులే. పేపర్లో ఆ పేరు చూసి రైలెక్కి వచ్చింది. చంపడం ఒక ఎత్తు, చచ్చిన పిల్ల ముక్కుకు క్లిప్పు పెట్టి అవమానించడం ఇంకో ఎత్తు. ఆమె మాటల్లో ఎక్కువ మంట ఆ క్లిప్పు మీదే.

ఆ నవలలో నాకు నచ్చనిది లేకపోలేదు. గ్లాడిస్ తెలివితక్కువదని పదేపదే అంటుంటారు, పనివాళ్ళ గురించి అగాథా క్రిస్టీ కలం చాలాచోట్ల అట్లాగే నడుస్తుంది. అయినా ఆ తెలివితక్కువ పిల్ల కోసమే కథలోకి డిటెక్టివ్ వచ్చింది. హతుల వరసలో ఎవరూ లెక్కలోకి తీసుకోని పేరు ఒకటి ఉంటే, ఆ పేరు దగ్గర్నుంచి మార్పుల్ మొదలుపెట్టింది. హార్నర్ దగ్గరికి ఎవరూ పోలేదన్న నా బాధకు జవాబు అక్కడ దొరికింది.

1957లో వచ్చిన రైలు కథను మా డబ్బాలో ప్రత్యేకించి చెప్పనక్కర్లేదు. రెండు రైళ్ళు పక్కపక్కన ఒకే వేగంతో పోతుంటాయి. అవతలి బండి కిటికీ తెర పైకి పోతే, ఒకడు ఒక ఆడమనిషి గొంతు పిసకడం మిసెస్ మెక్‌గిల్లికడ్డీ కళ్ళారా చూస్తుంది. రైల్వేవాళ్ళు, పోలీసులు వెతికారు. శవం లేదు. ముసలామె కునుకు తీసి కల కన్నదని తేల్చేశారు. మార్పుల్ మాత్రం నమ్మింది. ఈమెకు లేనిది ఊహించుకునే అలవాటు లేదు, చూశానంటే చూసిందే అన్నది ఆమె లెక్క. నమ్మి ఊరుకోలేదు. అదే బండెక్కి తాను కూడా పోయి, లైను ఎక్కడ వంపు తిరుగుతుందో, కట్ట ఎక్కడ ఎత్తుగా ఉందో, శవాన్ని ఎక్కడ తోసేస్తే కనబడకుండా ఉంటుందో చూసుకుంది. మౌలాలి దగ్గర పక్క లైన్లో ఇంకో బండి మా వేగంతో వచ్చినప్పుడల్లా సెక్రటేరియట్ అక్క కిటికీలోంచి అటే చూస్తుంది.

దీని మీద సారు వేసిన ప్రశ్న పదునైనది. "మేడం, మీ మార్పుల్ పని గూడ ఊరి ముచ్చట్ల మీదనే గద నడిచేది. గాయన ఫలానోని లెక్క ఉన్నడు, ఈమె ఫలాన్దాని లెక్క ఉన్నది అంటది. మరి మీ అంజనపాయనకు, గామెకు ఫరకేంది?" ఫరకు ఉంది. ఆకు చుట్టూ కూర్చున్నవాళ్ళు కింద ఉన్న మనిషి వైపే చూశారు. మార్పుల్ తన ఊరి మనుషుల్ని గుర్తుచేసుకొని పోల్చేటప్పుడు మర్యాదస్తుడు, డబ్బున్నవాడు, డాక్టరు, సైన్యాధికారి ఎవరినీ వదలదు. పెద్దమనిషి కాబట్టి చేసి ఉండడు అన్న మాట ఆమె నోట రాదు. ఇంకొకటి, అంజనంలో పేరు దొరకగానే పని అయిపోతుంది. మార్పుల్‌కు పేరు తట్టాకే పని మొదలవుతుంది, బండెక్కి లైను చూసుకుంటుంది. కొన్ని కథల్లో ఆమె దగ్గర కోర్టులో నిలిచే ఆధారం ఉండదు, ఉచ్చు పన్ని నేరస్థుడితోనే ఒప్పిస్తుంది. ఆ మేరకు సారు మాట నిజం, ఆ కథలు నాకూ బలహీనంగానే అనిపిస్తాయి.

చాచా వేరే దారిలో వచ్చాడు. "బేటీ, బేగునా కో ఛుడానా హీ సబ్ కుఛ్ హై తో పెరీ మేసన్ సబ్‌సే బడా" అన్నాడు. గార్డనర్ 1933 నుంచి రాసిన 80కి పైగా నవలల్లో పెరీ మేసన్ చేసే పని అదే, నిందపడిన మనిషిని కోర్టులో విడిపించడం. ఒప్పుకుంటాను, అయితే మేసన్ లాయరు, ఆ మనిషి అతని క్లయింటు. తన దగ్గరికి వచ్చినవాళ్ళను కాపాడటం వృత్తి ధర్మం. గ్లాడిస్ ఎవరి క్లయింటూ కాదు. అయితే గార్డనర్ గురించి ఒకటి చెప్పాలి. 1948లో ఆయన ఆర్గసీ పత్రికతో కలిసి, తప్పుడు శిక్షలు పడి జైళ్ళలో ఉన్నవాళ్ళ కేసుల్ని నిపుణులతో మళ్ళీ పరిశీలించే పని మొదలుపెట్టాడు. డాయిల్, గార్డనర్ ఇద్దరూ అమ్ముడుపోయే కథలు రాసి హాయిగా ఉండగలిగినవాళ్ళే. ఇద్దరూ ఆ కథల్లోంచి బయటికొచ్చి నిజం జైల్లో ఉన్న నిజం మనిషి వైపు నడిచారు. డిటెక్టివ్ కథ ఎందుకు రాస్తారన్నదానికి నాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఇక సారు యుగంధర్. తెలుగులో మాట్లాడే డిటెక్టివ్‌ను ఇచ్చి, లక్షలమందికి చదివే అలవాటు చేసిన కొమ్మూరికి మనం రుణపడి ఉన్నాం, అందులో నాకు రెండో మాట లేదు. కానీ నేను చదివిన యుగంధర్ కేసుల్లో తలుపు తట్టేది ఎక్కువగా డబ్బున్నవాళ్ళే. మద్రాసు బంగళాలు, కార్లు, వీలునామాలు. వంటమనిషి, డ్రైవరు, తోటమాలి వాంగ్మూలం ఇచ్చి పక్కకు తప్పుకుంటారు. నేను చదవనివి చాలా ఉన్నాయి. హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయంలోనో, సారు ఇంటి అటకమీదనో, ఎవరి పాత పెట్టెలోనో అవి దొరకవచ్చు. సారుకు చెప్పిందే మీకూ చెప్తున్నాను. యుగంధర్ ఒక పనామె కోసమో, జీతగాడి కోసమో, పాత కేసున్న ప్లంబర్ కోసమో పిలవకుండానే వచ్చిన నవల ఒక్కటి పేరు చెప్పండి. సంపాదించి చదువుతాను, చదివి నా ఓటు గురించి మళ్ళీ మాట్లాడతాను.